పలక అన్నాను, పలకే వచ్చింది

ఇరవై తొమ్మిదో ఏట నేను రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. ఆరేళ్ళు సైటు ఇంజినీరుగా ఎండలో నిలబడ్డాను, ఒక రోజు నిలబడటం మానేశాను, అంతే. ఇప్పుడు గిద్దలూరులో ఫ్యాను కింద కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తుంటాను. కంప్యూటర్లో గీసిన స్లాబు కుంగదు. ఆ ఒక్క సుఖం కోసమే ఈ ఉద్యోగం.

సివిల్ చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "అన్నా, నీ అనుభవం చెప్పు" అంటారు. చెబితే ఈ రంగంలోకి రారేమోనని చెప్పను. రాస్తే ఎలాగూ చదవరు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మా వైపు ఎవరి పేరు రాసినా ఆయన ఇంకెవరికో బావమరిది అయి కూర్చుంటాడు.

మార్కాపురంలో ఒక బట్టల దుకాణం. పైన దుకాణం, దాని కింద సెల్లారు. కట్టిన కొత్తలో రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి వెళ్ళేవారట. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేసుకుంటూ పోయారు. మూడు మెట్లు రెండయ్యాయి, రెండు ఒకటయింది, చివరికి ఒక మెట్టు దిగి లోపలికి వెళ్ళే రోజులొచ్చాయి. దుకాణం ఉన్నచోటే ఉంది. ఊరే పైకి వచ్చింది. వాన పడితే కస్టమర్ల కంటే ముందు నీళ్ళు లోపలికి వచ్చి పరుపుల మీద కూర్చునేవి.

దుకాణం నేలను అడుగున్నర ఎత్తాలని యజమాని మా కాంట్రాక్టరుకు చెప్పాడు. "నువ్వే చూసుకో" అని కాంట్రాక్టరు నాకు చెప్పాడు. ఈ పనిలో ఆయన పాత్ర దాదాపు అంతే.

నేలను ఎత్తడం కష్టమేమీ కాదు. మట్టో రాయో నింపి పైన కాంక్రీటు వేస్తే సరిపోతుంది. కానీ ఇక్కడ నేల కింద నేల లేదు, సెల్లారు ఉంది. ఆ సెల్లారు స్లాబు నాకంటే పదేళ్ళు పెద్దది. కిందికెళ్ళి చూస్తే కమ్మీలు తుప్పు పట్టి, ఆ చారలు బయటికి కనిపిస్తున్నాయి. దాని మీద అడుగున్నర రాయి పోస్తే అది మోస్తుందా అని నన్నడిగితే, నేను దేవుడి వైపు చూస్తాను. ఆయన స్లాబు వైపు చూస్తాడు.

ఆ స్లాబు కింద ఒక అక్క ఉంది. రాచర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి పదకొండేళ్ళుగా అక్కడ జాకెట్లు కుడుతోంది. పైన చీర కొన్నవాళ్ళు కిందికి దిగి ఆమెకు కొలతలిస్తారు. మూడు మిషన్లు, ఆమె, ఆమె దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. సెల్లారును అర ఇటుక మందం గోడతో రెండు గదులు చేశారు. పైకి మెట్లున్న వెనక గదిలో బట్టల మూటలుంటాయి, రోడ్డు వైపు గది అక్కది. ఆ గోడకు మధ్యలో ఒక్కటే తలుపు. గాలికి రోడ్డు వైపు ఒక వెంటిలేటరు. ఒకప్పుడు అందులోంచి ఆకాశం కనిపించేదట. రోడ్డు పెరిగాక వెంటిలేటరు ముందు వదిలిన గుంట మీంచి మనుషుల పాదాలు మాత్రమే కనిపిస్తాయి. అక్క చెప్పులను చూసి కస్టమర్లను గుర్తుపట్టేది.

మా మేస్త్రీది కొమరోలు. అందరూ మామ అనేవాళ్ళు, నేనూ అన్నాను. ఆయన స్లాబును ఒకసారి కాలితో తట్టి తేల్చేశాడు.

"సెల్లారు పూడ్చేస్తే సరి. కొండకాడ పలకరాయి రద్దు, ఏరిపారేసిన ముక్కలు, ఎంత కావాల్నంటే అంత ఉంది. కింద నింపేస్తే పైన ఏనుగును కట్టేసినా ఏంగాదు. రెండు దినాల పని."

యజమానికి ఈ మాట నచ్చింది. నచ్చదా మరి! రెండు రోజుల్లో దుకాణం తెరుచుకోవచ్చు. శ్రావణం దగ్గరపడుతోంది. కానీ ఆయన మంచి మనిషి కావడం వల్ల అక్క ముఖం చూసి చెప్పలేక నా ముఖం చూశాడు.

అక్క అప్పుడు చేతిలో గుండీ కుడుతోంది. తలెత్తకుండానే అంది. "పూడ్చేట్టయితే ముందే చెప్పండన్నా, మిషన్లు బయటేసుకుంటా. ఈ బజారులో ఇంకో గది నాకెవరిస్తారో అదీ చెప్పండి."

సెల్లారు జోలికి పోకుండా పైన నేల మీదే ఫోమ్ నింపుదామన్నాను నేను.

"ఫోమ్ అంటే?" అన్నాడు యజమాని. "పరుపుల్లో వేసేదా? నా కస్టమర్లు ఎగురుకుంటా వచ్చి చీరలు కొనాల్నా?"

"అది కాదన్నా. థర్మాకోలు లాంటిది."

"పెండ్లి స్టేజీకి నెమళ్ళు కోసేదా?" అన్నాడు మేస్త్రీ మామ. ఆయన ముఖంలో నా మీద జాలి కనిపించింది. "నాయనా, నువ్వు ఏ కాలేజీ?"

వివరించాను. పెళ్ళి నెమలిదీ దీనిదీ ఒకే జాతి. కాకపోతే దీన్ని గట్టిగా, దట్టంగా చేస్తారు. పెద్ద దిమ్మలుగా వస్తుంది, కావలసిన మందానికి కోసుకోవచ్చు. ఒక ఘనమీటరు పలకరాయి రద్దు టన్నున్నర దాటుతుంది. అంతే చోటు నింపే ఈ థర్మాకోలు ఒక బియ్యం బస్తా అంత కూడా తూగదు. దీన్ని పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఇనప జాలీ వేసి మూడంగుళాల కాంక్రీటు పోస్తే నేల లేస్తుంది, స్లాబుకు పెద్ద బరువు తెలియదు. ఇదంతా గడగడా చెప్పాను. నిజం చెప్పాలంటే అంతకుముందు నేను ఈ పని ఎక్కడా చేయలేదు, చేస్తుండగా చూడనూ లేదు.

"ఎలకలు కొరకవా?" అన్నాడు యజమాని.

"కాంక్రీటు కింద ఉంటుంది కదన్నా."

"మార్కాపురం ఎలకల సంగతి నీకు తెలీదు," అన్నాడాయన. అయినా ఒప్పుకున్నాడు. అక్క గుండీ దారం కొరికి, నా వైపు మొదటిసారి చూసింది. ఆ చూపులో నమ్మకం ఉందని అప్పట్లో అనుకున్నాను. అనుమానమని తర్వాత తెలిసింది.

ఇక్కడి నుంచి నా అయోమయం మొదలయింది. సరుకు అమ్మేవాడికి ఫోన్ చేస్తే, "పదిహేనా, ఇరవయ్యా, ముప్పయ్యా సార్?" అన్నాడు. నేను మందం అనుకుని "పద్దెనిమిది అంగుళాలు" అన్నాను. అవతల నవ్వు వినిపించింది. అది సాంద్రతట. ఘనమీటరుకు ఎన్ని కిలోలన్నది. ఎంత ఎక్కువైతే అంత గట్టి. మీకు ఏది కావాలో మీ ఇంజినీరును అడగండి సార్ అన్నాడు. అడుగుతానని పెట్టేశాను.

పుస్తకం తీస్తే మూడూ పనికొస్తాయన్నట్టుగా ఉంది. ఇంకో పేజీలో ఏదీ పనికిరాదన్నట్టుగా ఉంది. నమూనాలు పంపమన్నాను. మూడు ముక్కలు వచ్చాయి, అంచున పెన్నుతో అంకెలు రాసి. నేను టీ తాగి వచ్చేసరికి మేస్త్రీ మామ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. చెమటకు అంకెలు ఆయన పంచెకు అంటుకున్నాయి. పంచె మీద ముప్పై చదవగలిగాను గానీ అది ఏ ముక్కదో పంచె చెప్పలేదు.

మూడూ తెల్లగానే ఉన్నాయి. మూడూ ఒకే సైజు. బొటనవేలితో నొక్కితే ఒకటి మెత్తగా అనిపించింది, ఇంకోసారి నొక్కితే ఇంకొకటి మెత్తగా అనిపించింది. ఫోటో తీసి అమ్మేవాడికి పంపితే, "సార్, ఫోటోలో అన్నీ తెల్లగానే ఉంటాయి" అని జవాబు వచ్చింది.

ముక్కలు పట్టుకుని సెల్లారు మెట్ల మీద కూర్చుంటే అక్క పిలిచింది.

"ఏంది తమ్ముడూ, పరీక్ష తప్పినట్టు కూర్చున్నావు?"

చెప్పాను. ఆమె ముక్కలు తీసుకుని తన మిషను ఇనప కాళ్ళ కింద తలా ఒకటి పెట్టింది. నాలుగో కాలి కింద చెక్క.

"పైన బరువు ఎట్లుంటాదో నాకు తెలీదు. నా మిషను మాత్రం దినమంతా ఒకేచోట దంచుతాది. దీనికి నిలిస్తే దేనికైనా నిలుస్తాది."

"పుస్తకంలో ఈ పరీక్ష లేదక్కా."

"పుస్తకంలో జాకెట్టు కుట్టేదీ లేదు."

వారం రోజులు ఆ మిషను మీద శ్రావణం జాకెట్లు కుట్టింది. వారం తర్వాత చూస్తే ఒక ముక్కలో కాలు బొటనవేలంత లోతుకు దిగిపోయింది. ఇంకోదాంట్లో రూపాయి బిళ్ళంత గుంట. మూడోది ఏమీ ఎరగనట్టు ఉంది. సరే, మూడోది ఎంపిక చేశాం. కానీ అది ఎన్నో నంబరు? నేను మళ్ళీ మెట్ల మీద కూర్చున్నాను.

"తూకమేస్తే తెలీదా?" అంది అక్క.

నాలుగేళ్ళ బీటెక్ నా కళ్ళముందు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. పక్క దుకాణంలో తూకం వేయించాను. అన్నింటికంటే బరువైనది అదే. ముప్పై. అంత అవసరం లేదని, ఇరవై చాలని ఇప్పుడైతే నాకు తెలుసు. అప్పుడు మిషను చెప్పింది విన్నాను. ఈ పనిలో నేను తీసుకున్న నిర్ణయాలన్నింటిలో నాది కానిది ఇదొక్కటే, పొరపాటు లేనిదీ ఇదొక్కటే.

సరుకు వచ్చే రోజు నేను మార్కాపురంలో లేను. గిద్దలూరులో ఇంకో ఇంటికి స్లాబు పోస్తున్నాం, అక్కడ ఉండక తప్పలేదు. ఆ ఇంటాయన రిటైరైన తెలుగు మాస్టారు. పొద్దున్నే నన్ను పట్టుకుని, "షీటింగు, లెవెలు, కవరు! మీ నోటివెంట ఒక్క తెలుగు ముక్క రాదేమయ్యా?" అని కడిగేశాడు. ఆ వేడిలోనే మేస్త్రీ మామకు ఫోన్ చేశాను. అంతవరకూ మేము సైటులో థర్మాకోలు అనే అనుకునేవాళ్ళం, కోసినవాటిని షీట్లు అనేవాళ్ళం. ఆ రోజు మాత్రం నా నోట్లోకి తెలుగు వచ్చింది.

"మామా, ఈ రోజు పలకలు వస్తాయి. దించుకుని పరిపించు. కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాకూడదు, ఇటుకలు పేర్చినట్టు."

"పలకలా?" అన్నాడు మామ. గొంతులో ఏదో వెలుగు.

"పలకలే మామా."

"అట్ల చెప్పు నాయనా! నాకు తెలుసు నువ్వు దారికొస్తావని."

దారికొస్తావంటే ఏమిటో ఆలోచించే తీరిక నాకు లేదు. షీటును పలక అంటే ఏ ఊళ్ళోనైనా చెల్లుతుంది. మార్కాపురంలో మాత్రం చెల్లదు. ఆ ఊళ్ళో పలక అంటే ఒకటే. కొండలోంచి తీసేది, బడిపిల్లలు రాసేది, నల్లగా, బరువుగా ఉండేది. మేస్త్రీ మామ వాళ్ళ నాయన పలకల గనిలో రాయి కోసి బతికిన మనిషి. ఆయన కొడుకుతో నేను పలక అన్నాను.

థర్మాకోలు లారీ పొదిలి దగ్గర చెడిపోయి నిలబడిపోయింది. మామ పదింటిదాకా చూశాడు. పలకలు రాలేదు. ఇంజినీరే పలకలన్నాక స్లాబు మోస్తుందనే నమ్మాడు. పాపం, ఇంజినీరు దారికొచ్చిన రోజున పని ఆగిపోకూడదని తనకు తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి మూడు ట్రాక్టర్ల పలకరాయి తెప్పించాడు. పరచడానికి వీలుగా ఉంటుందని అంతా తెచ్చి దుకాణం మధ్యలో గుట్టగా పేర్పించాడు. దాని చుట్టూ పరవడం మొదలుపెట్టాడు. అతుకు మీద అతుకు రాకుండా, నేను చెప్పినట్టే.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నా తలుపు పడటం లే. మూస్తే మూసుకోనంటాంది."

"వానాకాలం కదక్కా, చెక్క ఉబ్బుంటుంది. కీళ్ళకు కొబ్బరినూనె పెట్టు."

జోకు వేశాననుకున్నాను. నవ్వినట్టు కూడా గుర్తు. పావుగంటకు మళ్ళీ ఫోను.

"నూనె పెట్టి గట్టిగా నెట్టినా. పడింది. ఇప్పుడు తెరుచుకోటం లే."

"నువ్వు లోపలున్నావా, బయటున్నావా?"

"లోపలే. ముగ్గురం."

అప్పుడు కూడా నాకు వెలగలేదు. పైన ఏం జరుగుతోందని ఊరికే అడిగాను.

"పలకలు పరుస్తాండారు. పొద్దుననుంచి దబదబ, దబదబ. సున్నం రాలి జాకెట్ల మీద పడతాంది."

దబదబ. థర్మాకోలు పై అంతస్తు నుంచి పడేసినా దబ్బుమనదు. గిద్దలూరు ఎండలో నిలబడి నేను మెల్లగా అడిగాను. "అక్కా, వెంటిలేటర్లోంచి ఏమైనా కనిపిస్తోందా?"

"ట్రాక్టరు టైరు కనిపిస్తాంది. పలకరాయి ట్రాక్టరు."

తలుపు ఉబ్బలేదు. స్లాబు కుంగి ఆ మధ్య గోడ మీద, గోడలోని తలుపు చట్రం మీద కూర్చుంది. మామ ఫోన్ ఎత్తలేదు, ఆయన చేతులు పలకలతో నిండుగా ఉన్నాయి. యజమాని ఎత్తాడు.

"పలకలు బ్రహ్మాండంగా ఉండాయి అబ్బాయ్," అన్నాడు.

ఆపమన్నాను. ఎవరినీ దుకాణం మధ్యలో నడవనివ్వొద్దన్నాను. కింద ముగ్గురు ఇరుక్కుపోయారన్నాను. ఆయన గొంతు మారిపోయింది. "గడ్డపార తెచ్చి తలుపు పగలగొట్టిస్తా!"

"వద్దు!" అని అరిచాను. మాస్టారింటి కూలీలంతా ఆగి చూశారు. "అన్నా, ఇప్పుడు ఆ స్లాబును మోస్తున్నది ఆ తలుపే. దాన్ని ముట్టుకోవద్దు. ముందు పైన బరువు తీయండి. చేతులతో, విసరకుండా. మధ్య గుట్ట ముందు."

తలుపు మోస్తోందో లేదో నాకు ఖాయంగా తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలియని సంగతిని అంత గట్టిగా అరిచి చెప్పడం అదే మొదలు, అదే చివర. తర్వాత అక్కకు చేసి, మిషన్లు వదిలేసి ముగ్గురినీ వెంటిలేటరు గోడను ఆనుకుని కూర్చోమన్నాను.

"కూర్చుని?"

"ఏమీ చేయొద్దక్కా."

"శ్రావణంలో ఏమీ చేయొద్దని నువ్వొక్కడివే చెప్పినావు," అంది. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

గిద్దలూరు నుంచి మార్కాపురం బండి మీద గంట పైనే. దారి పొడవునా నేను చేసిన లెక్క ఒక్కసారి కూడా ఒకే జవాబు ఇవ్వలేదు.

వెళ్ళేసరికి దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. జాకెట్లకు వచ్చిన ఆడవాళ్ళు, పక్క దుకాణాలవాళ్ళు, ట్రాక్టరు డ్రైవర్లు. పలకలు చేయి నుంచి చేయికి మారుతూ రోడ్డు మీదికి వస్తున్నాయి. లోపలి చివరన మేస్త్రీ మామ, చొక్కా విప్పేసి, ఒక్కొక్క పలకను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుతున్నాడు. వెంటిలేటరు దగ్గర ఒక పెద్దావిడ నేల మీద గొంతుక్కూర్చుని లోపలికి అడుగుతోంది. "నాది అయిపోయిందా అమ్మాయ్?" ఊచల సందులోంచి మడతపెట్టిన జాకెట్టు బయటికి వచ్చింది. "చేతులు కొంచెం లూజు పెట్టినానత్తా" అని అక్క గొంతు వినిపించింది.

నేనూ వరసలో నిలబడ్డాను. నా ఇంజినీరింగుకు అక్కడ వేరే పని లేదు.

గుట్ట మోకాలెత్తుకు తగ్గింది. తర్వాత చీలమండ ఎత్తుకు. కింద ఎక్కడో కిర్రుమంది. అందరం కొయ్యబారిపోయాం. రెండోసారి కిర్రుమంది. తర్వాత అడుగుల చప్పుడు, మూటల గది మెట్ల మీదుగా పైకి. ముందు ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక అక్క. జుట్టంతా సున్నం. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

ఆమె నన్ను చూసి అంది. "నీ నూనె ఇప్పుడు పనిచేసింది తమ్ముడూ."

నవ్వాలో ఏడవాలో తెలియక తుమ్మాను. సున్నం.

సరిగ్గా అప్పుడు, రావలసినప్పుడు రాని థర్మాకోలు లారీ వచ్చి ఆగింది. ఇద్దరు మనుషులు ఒక్కొక్క షీట్ల కట్టను భుజం మీద పెట్టుకుని విసనకర్రలు దించినట్టు దించారు. మేస్త్రీ మామ వెళ్ళి ఒక షీటును రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు. నా దగ్గరికి తెచ్చాడు.

"దీన్నా నువ్వు పలక అనింది?"

"దీన్నే మామా."

"మా నాయన ఉంటే నీ చెంప పగలగొట్టేవాడు," అని వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

సాయంత్రం కాంట్రాక్టరు ఫోన్ చేసి తప్పెవరిదని అడిగితే, మామ ఫోను లాక్కుని "నేనే తప్పు విన్నా సారూ" అన్నాడు. ఆయన తప్పు వినలేదు. నేను చెప్పిన మాట చెప్పినట్టే విన్నాడు, అతుకులతో సహా. నాకా మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెబితే కాంట్రాక్టరు, "ఇప్పుడెందుకయ్యా గుర్తు చేస్తావు?" అని పెట్టేశాడు. ఆ రెండు రోజుల మౌనం మాత్రం నాదే, దాన్ని ఏ తెలుగు మాస్టారి మీదా తోయలేను.

పెద్ద ఇంజినీరు ఒకాయనను పిలిపించి స్లాబు చూపించాం. సెల్లారులో రెండు ఇనప స్తంభాలు నిలబెట్టమన్నాడు. నిలబెట్టాం. థర్మాకోలు పరిచాం, కాంక్రీటు పోశాం. మామ ఒక్కొక్క షీటును దాని మీద ఉన్న పగ కొద్దీ పక్కాగా అమర్చాడు. శ్రావణం రెండో శుక్రవారానికి దుకాణం తెరిచారు. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టెక్కి లోపలికి వెళ్ళాలి. మళ్ళీ రోడ్డు వేసేదాకా.

అక్క ఒక స్తంభానికి కొలత టేపు తగిలించుకుంది, ఇంకోదానికి అద్దం. తలుపు చట్రం కొంచెం వంగే ఉండిపోయింది. మార్పిస్తానని యజమాని అన్నాడు, వద్దంది. "ఇంజినీరు కంటే ముందు నాకు చెప్పింది ఇదే," అందట. రోజూ పొద్దున రాగానే ఒకసారి వేసి, ఒకసారి తీసి, ఆ తర్వాతే మిషను ఎక్కుతుంది.

తమ్ముళ్ళూ, మీరు నన్ను ఏ సాంద్రత వాడాలని అడిగితే లెక్క చెబుతాను, ఈ మధ్య వస్తోంది. సరుకును ఏమని పిలవాలో మాత్రం ఆ ఊరివాళ్ళను అడిగి తెలుసుకోండి. అంతకుమించి ఆ రోజు నాకేమర్థమైందో ఇంకా అర్థం కాలేదు.

మొన్న పెద్ద వాన కురిసింది. గిద్దలూరులో ఫ్యాను కింద కూర్చుని ఎవరిదో పడగ్గది గీస్తున్నాను. ఫోన్ మోగింది. అక్క. నా చేయి మౌసు మీదే ఆగిపోయింది.

"తమ్ముడూ, తలుపు పడతాంది."

"నూనె పెట్టినావా?"

"లే. ఉత్తినే పడతాంది," అని పెట్టేసింది.